విదేశంలో బిడ్డకు క్యాన్సర్ చికిత్స: నిర్ణయం, ఖర్చు, అండ

బిడ్డకు క్యాన్సర్ అని తేలిన ఇంట్లో మొదటి వారంలోనే తలెత్తే ప్రశ్న ఒకటి ఉంది. బయటి దేశానికి తీసుకెళితే బతుకుతాడా? బంధువులలో ఎవరో ఒకరు అమెరికాలో ఉంటారు. ఎవరో ఒకరు ఒక ఆసుపత్రి పేరు చూసి ఫోనుకు పంపుతారు. పొలమో ఇల్లో అమ్మకానికి పెట్టే ఆలోచన కూడా ఆ వారంలోనే మొదలవుతుంది. ఎంత ఖర్చయినా సరే అనుకోవడం తల్లిదండ్రులకు సహజం. అయితే ఈ ప్రశ్నకు సమాధానం డబ్బు దగ్గర కాక, రోగనిర్ధారణ దగ్గర మొదలవుతుంది. విదేశీ చికిత్స ఏయే సందర్భాలలో అవసరమవుతుంది, దానికి ఏ అనుమతులు కావాలి, అండ ఎక్కడ దొరుకుతుంది అనే విషయాల వివరణ ఇది.

నేపథ్యం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలు, కౌమార వయస్కులు (19 ఏళ్లలోపువారు) క్యాన్సర్ బారిన పడుతున్నారు. సంపన్న దేశాలలో వారిలో 80 శాతానికి పైగా కోలుకుంటుండగా, అనేక పేద, మధ్యాదాయ దేశాలలో 30 శాతం మంది కూడా కోలుకోవడం లేదు. ఈ అంతరాన్ని తగ్గించి, 2030 నాటికి ప్రపంచవ్యాప్తంగా కనీసం 60 శాతం మంది పిల్లలు బతికేలా చూడాలన్న లక్ష్యంతో ఆ సంస్థ 2018లో ప్రత్యేక కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ఈ అంతరానికి ప్రధాన కారణం కొత్త మందులు లేకపోవడమే అనుకుంటే పొరపాటు. వ్యాధిని ఆలస్యంగా గుర్తించడం, తప్పుగా నిర్ధారించడం, పాత మందులైనా నిరంతరాయంగా దొరకకపోవడం, చికిత్స కాలంలో సోకే ఇన్ఫెక్షన్లు, అన్నింటికీ మించి చికిత్సను మధ్యలో మానివేయడం పిల్లల ప్రాణాలు తీస్తున్నాయి. ఊరికి దూరంగా నెలల తరబడి ఉండలేక, చేతిలో డబ్బు అయిపోయి, కాస్త కోలుకున్నట్టు కనిపించగానే వ్యాధి పోయిందనుకుని కుటుంబాలు ఇంటిదారి పడతాయి. విదేశీ చికిత్స గురించి ఆలోచించే కుటుంబం ఈ సంగతిని మొదట గమనించాలి. దగ్గరలో పూర్తిచేయగలిగిన చికిత్స, దూరదేశంలో సగంలో ఆగిపోయే చికిత్స కంటే ఎన్నో రెట్లు మేలు.

స్వదేశంలో లభించేది

పిల్లలలో అత్యధికంగా కనిపించే క్యాన్సర్ తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్. దీని చికిత్స రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. ఇందులో వాడే మందులలో అధికభాగం దశాబ్దాలుగా వాడుకలో ఉన్నవే. అమెరికాలోని మెంఫిస్ నగరంలో ఉన్న సెయింట్ జ్యూడ్ పిల్లల పరిశోధనాసుపత్రి 1962లో ప్రారంభమైనప్పుడు ఈ వ్యాధిలో బతికి బయటపడేవారు 4 శాతమేనని, నేడు అది 94 శాతానికి చేరిందని ఆ ఆసుపత్రి చెబుతుంది. ఈ మార్పు ఏ ఒక్క అద్భుత ఔషధం వల్లనో వచ్చింది కాదు. ఉన్న మందులను ఏ క్రమంలో, ఏ మోతాదులో, ఎంతకాలం ఇవ్వాలో ఏళ్ల తరబడి పరీక్షించి తేల్చడం వల్ల వచ్చింది. ఆ పద్ధతులు వైద్య గ్రంథాలలో అందరికీ అందుబాటులో ఉన్నాయి. భారతదేశంలోని పెద్ద క్యాన్సర్ కేంద్రాలు వాటిని అనుసరిస్తున్నాయి.

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1941 నుంచి సేవలందిస్తోంది. తెలుగు రాష్ట్రాలలో హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ రంగంలో ఉండగా, విశాఖపట్నం సమీపంలోని అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రానికి చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి పనిచేస్తోంది. మూత్రపిండాలలో వచ్చే విల్మ్స్ కణితి, హాడ్జ్‌కిన్ లింఫోమా, కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా వంటివాటికి, సకాలంలో గుర్తిస్తే, స్వదేశంలోనే మంచి ఫలితాలు వస్తున్నాయి. ఫొటో తీసినప్పుడు బిడ్డ కంటిపాప ఎర్రగా కాక తెల్లగా మెరిస్తే వెంటనే కంటి వైద్యునికి చూపించడం, తరువాత ఏ దేశానికి తీసుకెళ్లడం కంటే కూడా ఎక్కువ ఫలితమిచ్చే పని.

విదేశం అవసరమయ్యే సందర్భాలు

అయినప్పటికీ, విదేశీ చికిత్స అనే ఆలోచనకు నిజమైన ఆధారం ఉన్న సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిలో మూడు తరచుగా వినిపిస్తాయి.

మొదటిది ప్రోటాన్ చికిత్స. సాధారణ రేడియేషన్ కణితిని దాటి వెనుకనున్న అవయవాలను కూడా తాకుతుంది. ప్రోటాన్ కిరణం తన శక్తిని కణితి దగ్గరే విడిచిపెట్టి ఆగిపోతుంది. అనేక కణితుల విషయంలో దీని ప్రధాన ప్రయోజనం క్యాన్సర్‌ను మరింత బలంగా చంపడం కాదు. ఎదిగే మెదడు, వెన్ను, గుండెలకు తగిలే హానిని తగ్గించడం. ఈ చికిత్స కోసం గతంలో విదేశాలకు వెళ్లవలసి వచ్చేది. 2019లో చెన్నైలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, 2023లో నవీ ముంబయిలోని ఖార్‌ఘర్‌లో టాటా మెమోరియల్ కేంద్రం దీనిని ప్రారంభించాయి.

రెండవది కార్-టి కణ చికిత్స. రోగి రక్తంలోని టి-కణాలను వేరుచేసి, క్యాన్సర్ కణాలను గుర్తించేలా ప్రయోగశాలలో మార్చి, తిరిగి శరీరంలోకి ఎక్కిస్తారు. ల్యుకేమియా మళ్లీ మళ్లీ తిరగబెట్టిన పిల్లలకు అమెరికాలో 2017 ఆగస్టులో తొలిసారి అనుమతి పొందిన ఈ చికిత్సకు అప్పట్లో నిర్ణయించిన ధర 4 లక్షల 75 వేల డాలర్లు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కేంద్రం కలిసి రూపొందించిన దేశీయ కార్-టి చికిత్స ‘నెక్స్‌కార్19’కు 2023 అక్టోబరులో భారత ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది. అయితే ఆ అనుమతి 15 ఏళ్లు, ఆపై వయసువారికి ఇచ్చినది. అంతకంటే చిన్న పిల్లల విషయంలో స్వదేశంలో క్లినికల్ పరీక్షలు ఏవైనా జరుగుతున్నాయా అని మొదట విచారించాలి.

మూడవది న్యూరోబ్లాస్టోమా అనే నాడీ సంబంధ క్యాన్సర్. తీవ్ర ప్రమాదకర దశలో ఉన్న పిల్లలకు కీమోథెరపీ, శస్త్రచికిత్స, మూలకణ మార్పిడి తరువాత ఒక ప్రత్యేక యాంటీబాడీ మందు ఇస్తారు. డైన్యుటుక్సిమాబ్ అనే ఈ మందుకు అమెరికా 2015లో అనుమతినిచ్చింది. ఇది అధిక వ్యయంతో కూడినది, సులభంగా దొరకనిది కావడంతో కుటుంబాలు విదేశాల వైపు చూస్తాయి.

బిడ్డ బదులు మందు ప్రయాణం

ఇటువంటప్పుడు వైద్యుని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: బిడ్డ వెళ్లాలా, మందు వస్తే సరిపోతుందా? దేశంలో విక్రయానికి లేని ఔషధాన్ని వ్యక్తిగత అవసరానికి దిగుమతి చేసుకునే వీలు భారత ఔషధ నిబంధనలలో ఉంది. వైద్యుని చీటీతో ఫారం 12ఎలో దరఖాస్తు చేస్తే, ఫారం 12బిలో అనుమతి పత్రం ఇస్తారు. కొన్ని ప్రాణరక్షక మందులకు కస్టమ్స్ సుంకం మినహాయింపు కూడా వర్తిస్తుంది. మందు ఇక్కడికే రాగలిగితే విమాన ప్రయాణం, పరాయి దేశంలో అద్దె, తల్లిదండ్రుల ఉద్యోగ నష్టం అన్నీ తప్పుతాయి. అయితే ఆ మందు వల్ల కలిగే తీవ్ర దుష్ప్రభావాలను నిభాయించగల వైద్య బృందం ఇక్కడ ఉండాలి. ఈ మాట చికిత్స చేసే వైద్యుడే తేల్చాలి.

రెండవ అభిప్రాయం

ప్రయాణ నిర్ణయానికి ముందు రెండవ వైద్యాభిప్రాయం తీసుకోవడం అవసరం. ఇందుకోసం విదేశానికి వెళ్లనక్కరలేదు. దేశంలోని క్యాన్సర్ ఆసుపత్రులను కలుపుతూ 2012లో ఏర్పడిన జాతీయ క్యాన్సర్ గ్రిడ్ ద్వారా ఆన్‌లైన్‌లో నిపుణుల అభిప్రాయం పొందవచ్చు. బయాప్సీ నివేదిక కాగితం ఒక్కటే చాలదు. కణజాలం గల మైనపు దిమ్మెలు, గాజు పలకలు, స్కానింగ్‌ల డిజిటల్ ప్రతులు కుటుంబం దగ్గర ఉండాలి. వాటిని మరో కేంద్రంలో తిరిగి పరిశీలించినప్పుడు రోగనిర్ధారణే మారిన సందర్భాలు ఉంటాయి.

విదేశీ ఆసుపత్రిని స్పష్టంగా అడగవలసినవి ఇవి. ఈ చికిత్స లక్ష్యం వ్యాధిని నయం చేయడమా, ఆయుష్షును పొడిగించడమా? ఇదే దశలో ఉన్న పిల్లలలో ఫలితాలు ఎలా ఉన్నాయి? వీసా, ఏర్పాట్లకు పట్టే వారాలలో వ్యాధి ముదిరితే ఏమిటి? చికిత్స ఫలించకపోతే తరువాతి మెట్టు ఏది? తిరిగి వెళ్లాక పర్యవేక్షణ ఎవరిది? ఈ ప్రశ్నలకు రాతపూర్వకంగా సమాధానం ఇవ్వని చోటికి డబ్బు పంపడం తొందరపాటే అవుతుంది.

బ్రిటన్ ఉదంతం

నమ్మకం చెదిరితే ఏమవుతుందో 2014 నాటి బ్రిటన్ ఉదంతం చూపింది. మెదడు కణితికి శస్త్రచికిత్స జరిగిన అయిదేళ్ల బాలుణ్ణి, ప్రోటాన్ చికిత్స చేయించాలన్న పట్టుదలతో తల్లిదండ్రులు వైద్యులకు చెప్పకుండా ఆసుపత్రి నుంచి తీసుకుని దేశం దాటారు. సాధారణ రేడియేషన్ కంటే ఈ బాలునికి దాని వల్ల అదనపు ప్రయోజనం లేదన్నది వైద్యుల వాదన. బిడ్డ ప్రాణానికి ముప్పు ఉందన్న ఫిర్యాదుతో ఐరోపా అరెస్టు వారంటు జారీ కాగా, స్పెయిన్‌లో తల్లిదండ్రులను అదుపులోకి తీసుకున్నారు. కొన్ని రోజులపాటు బిడ్డ ఒక చోట, వారు ఒక చోట ఉండవలసి వచ్చింది. ప్రజాగ్రహం పెల్లుబకడంతో వారంటును ఉపసంహరించుకున్నారు. లండన్ హైకోర్టు అనుమతితో ప్రేగ్ నగరంలో చికిత్స జరిగింది; ఖర్చు భరించడానికి బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థ అంగీకరించింది. మరుసటి ఏడాది బాలునిలో వ్యాధి కనిపించడం లేదని కుటుంబం వెల్లడించింది.

ఆ వివాదంలో ఇరుపక్షాలూ బిడ్డ మేలునే కోరాయి. మధ్యలో తెగిపోయింది మాటే. చికిత్స చేస్తున్న వైద్యునికి చెప్పకుండా వేరొక చోటికి ప్రయత్నించడం, నివేదికలు దాచడం మన దగ్గరా కనిపిస్తుంది. వైద్యుడు నొచ్చుకుంటాడన్న మొహమాటం ఇందుకు కారణం. నిజానికి విదేశీ ఆసుపత్రికి మొదట కావలసింది ఆ వైద్యుని లేఖే.

ఖర్చు, విదేశీ మారకం

ఆసుపత్రి పంపే అంచనా పత్రం తుది బిల్లు కాదు. మందు ధర వేరు, ఆసుపత్రి ఖర్చు వేరు. అత్యవసర విభాగంలో గడపవలసి వచ్చే అదనపు రోజులు, రక్తం ఎక్కించడం, ఇన్ఫెక్షన్ చికిత్స అంచనాలో పూర్తిగా కనిపించవు. అద్దె, తిండి, రవాణా కుటుంబమే భరించాలి. అంచనాకు మించి మరికొంత మొత్తం సిద్ధంగా లేకుండా బయలుదేరితే చికిత్స మధ్యలో ఆగే ప్రమాదం ఉంది.

రిజర్వ్ బ్యాంకు సరళీకృత చెల్లింపుల పథకం కింద భారత నివాసి ఎవరైనా, మైనర్లతో సహా, ఆర్థిక సంవత్సరానికి 2.5 లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపవచ్చు. వైద్యచికిత్సకు ఆ పరిమితి చాలకపోతే, దేశంలోని వైద్యుడు లేదా విదేశీ ఆసుపత్రి ఇచ్చిన అంచనా ఆధారంగా బ్యాంకు అదనపు మొత్తాన్ని అనుమతిస్తుంది. తోడు వెళ్లేవారికి పరిమితి వేరుగా ఉంటుంది. పంపే మొత్తం ఒక హద్దు దాటితే మూలంలో పన్ను వసూలు చేస్తారు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ హద్దు 10 లక్షల రూపాయలు. వైద్య అవసరాలకు రేటు తక్కువగా ఉంటుంది గనుక చెల్లింపు ఉద్దేశాన్ని ఫారంలో సరిగ్గా రాయాలి. ఈ పన్నును రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వాపసు పొందవచ్చు. అయినా చికిత్స సమయంలో ఆ డబ్బు చేతిలో ఉండదు.

అండ దొరికే చోట్లు

ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ వంటి పథకాలు దేశంలోని తమ జాబితా ఆసుపత్రులకు ఉద్దేశించినవి. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధి, కేంద్ర ఆరోగ్య శాఖ క్యాన్సర్ రోగుల నిధి కూడా దేశీయ ఆసుపత్రుల చికిత్సకే తోడ్పడతాయి. వాటి ఆధారంగా విదేశీ ప్రయాణానికి ప్రణాళిక వేసుకోకూడదు. ఇంట్లో ఆరోగ్య బీమా ఉంటే, విదేశీ చికిత్స దాని పరిధిలోకి వస్తుందో లేదో పాలసీ పత్రంలో చూసుకోవాలి.

చికిత్స, బస, భోజనం, ప్రయాణాలకు కుటుంబం నుంచి రూపాయి తీసుకోదని పేరున్న మెంఫిస్‌లోని సెయింట్ జ్యూడ్ ఆసుపత్రి గురించి చాలామంది విచారిస్తారు. అక్కడికి వైద్యుడు సిఫారసు చేయాలి. అక్కడ జరుగుతున్న పరిశోధనా చికిత్సకు బిడ్డ వ్యాధి, దశ సరిపోవాలి. కుటుంబం నేరుగా వెళ్లి చేరే చోటు కాదు. క్లినికల్ పరీక్షలో చోటు దొరికినా, పరీక్షలో ఉన్న మందు ఉచితమైనంత మాత్రాన మిగిలిన ఆసుపత్రి ఖర్చులన్నీ ఉచితం కావు.

ప్రజల నుంచి విరాళాలు సేకరించేవారు మూడు జాగ్రత్తలు పాటించాలి. డబ్బు వీలైనంతవరకు ఆసుపత్రి ఖాతాకే చేరేలా చూడాలి. బంధువులు కానివారి నుంచి ఏడాదిలో 50 వేల రూపాయలు దాటి వచ్చే మొత్తం ఆదాయంగా లెక్కలోకి వచ్చే వీలుంది కాబట్టి ముందుగానే పన్ను సలహాదారును సంప్రదించాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు, వారు ఓసీఐ కార్డుదారులైనా, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వారి నుంచి డబ్బు స్వీకరించే ట్రస్టుకు ఆ చట్టం కింద అనుమతి ఉండాలి. భారతీయ పాస్‌పోర్టు గల ప్రవాసులు తమ పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపేదానికి ఈ ఆంక్ష లేదు.

సేకరణ కోసం పెట్టే ఫొటోల విషయంలోనూ ఆలోచన అవసరం. జుట్టు రాలిన, గొట్టాలు అమర్చిన బిడ్డ చిత్రం ఒకసారి బయటికి వెళితే వెనక్కి రాదు. కోలుకున్న పిల్లవాడు పదేళ్ల తరువాత తన తరగతిలో ఆ చిత్రాన్ని చూడవలసి రావచ్చు.

వీసా, బస

అమెరికాకు వైద్యం కోసం వెళ్లేవారు బి-2 సందర్శక వీసాకు దరఖాస్తు చేస్తారు. వ్యాధిని, ప్రయాణ కారణాన్ని వివరిస్తూ స్వదేశీ వైద్యుని లేఖ, చికిత్సకు అంగీకరిస్తూ వ్యవధి, ఖర్చులతో అక్కడి ఆసుపత్రి లేఖ, ఖర్చు ఎవరు భరిస్తారన్న ఆధారం చూపాలి. బ్రిటన్‌లో ప్రైవేటు చికిత్స కోసం 11 నెలల వరకు సందర్శక వీసా లభిస్తుంది. తల్లిదండ్రులలో ఒకరికే వీసా వచ్చే పరిస్థితికి కూడా ముందే సిద్ధపడాలి. విమానయాన సంస్థ అడిగే వైద్య ధ్రువీకరణ ఫారాన్ని టికెట్టు కొనేముందే విచారించడం మంచిది.

దూరప్రాంత కుటుంబాలకు ఆసుపత్రి పక్కనే బస కల్పించే రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ గృహాలు 1974లో ఫిలడెల్ఫియాలో మొదలై అనేక దేశాలకు విస్తరించాయి. వీటిలో చోటు కోసం ఆసుపత్రి సామాజిక కార్యకర్త ద్వారా అడగాలి. భారతదేశంలో 2006లో మొదలైన సెయింట్ జ్యూడ్ ఇండియా చైల్డ్‌కేర్ కేంద్రాలు హైదరాబాదు, విశాఖపట్నంతో సహా పలు నగరాలలో చికిత్స పొందుతున్న పిల్లల కుటుంబాలకు ఉచిత వసతి ఇస్తున్నాయి. పేరు ఒకటే అయినా ఇవి మెంఫిస్ ఆసుపత్రి శాఖలు కావు.

మాటల అర్థం

పరాయి ఆసుపత్రిలో కుటుంబాన్ని ఎక్కువగా తికమక పెట్టేది భాష. ‘రెమిషన్’ అంటే పరీక్షలలో వ్యాధి కనిపించడం లేదని, నయమైపోయిందని కాదు. ‘రెస్పాన్స్’ అంటే కణితి తగ్గిందని. మళ్లీ రాదని కాదు. ‘ఫేజ్ 1 ట్రయల్’ ముఖ్యోద్దేశం సురక్షితమైన మోతాదును కనుగొనడం. ‘పాలియేటివ్ కేర్’ అంటే చేతులెత్తేయడం కాదు. నొప్పిని, బాధను తగ్గించే వైద్యం, దీనిని మిగిలిన చికిత్సతో పాటే మొదటినుంచీ ఇవ్వవచ్చు. ఇంగ్లీషు బాగా వచ్చిన తల్లిదండ్రులు కూడా ఆ గదిలో సగం మాటలు వినలేరు. ప్రభుత్వ నిధులు పొందే అమెరికా ఆసుపత్రులు రోగులకు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. తెలుగు దుబాసీ కావాలని అడగడానికి సంకోచించనక్కరలేదు. అక్కడ చదువుకునే మేనల్లుడినో, రోగి అక్కనో దుబాసీగా నిలబెట్టడం సరికాదు. చెడు వార్తను తగ్గించి చెప్పాలన్న ఆరాటం అయినవారికి ఉంటుంది.

ఇంటి దగ్గర మిగిలేవారు

తల్లి బిడ్డతో విదేశంలో, తండ్రి ఉద్యోగంలో, రెండో బిడ్డ అమ్మమ్మ ఇంట్లో: నెలల తరబడి సాగే చికిత్సలో కుటుంబం ఇలా మూడు చోట్లకు చీలుతుంది. ఇంటి దగ్గర ఉన్న బిడ్డకు తోబుట్టువు జబ్బు పేరు, అది అంటువ్యాధి కాదని, తన తప్పు వల్ల రాలేదని చెప్పాలి. చిన్నపిల్లలు ఈ రెండు సందేహాలనూ పైకి అడగరు. విదేశంలోని తెలుగు సంఘాల సభ్యులు వంట, రవాణా, తోడు వంటి సాయాలకు ముందుకు వస్తారు. ఫలానా రోజు భోజనం, ఫలానా రోజు కారు అని స్పష్టంగా అడిగితే ఆ సాయం నిలకడగా అందుతుంది.

భారతదేశమే విదేశమైనప్పుడు

ఇదే కథకు మరో వైపు ఉంది. బంగ్లాదేశ్, నేపాల్, మాల్దీవులు, ఇరాక్, ఆఫ్రికా దేశాల కుటుంబాలకు బిడ్డను తీసుకెళ్లే ‘విదేశం’ భారతదేశమే. భారత్ ఇచ్చే వైద్య వీసాతో పాటు ఇద్దరు దగ్గరి బంధువులకు సహాయకుల వీసా లభిస్తుంది. నేపాల్, భూటాన్ పౌరులకు వీసా అవసరం లేదు. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం మారిన తరువాత అక్కడ భారత వీసా సేవలు కుంచించుకుపోయి, వైద్య, అత్యవసర కేసులకు పరిమితమయ్యాయి. రోగి బిడ్డ ప్రయాణం రెండు ప్రభుత్వాల సంబంధాల మీద కూడా ఆధారపడుతుందని ఆ రోజులు గుర్తుచేశాయి. చెన్నైలోనో హైదరాబాదులోనో అద్దెగది వెతుక్కునే ఆ తల్లిదండ్రుల అవసరాలు, అమెరికా వెళ్లిన తెలుగు తల్లిదండ్రుల అవసరాలు ఒక్కటే: దుబాసీ, వంటగది, లెక్కతెలిసిన బిల్లు, పలకరించే మనిషి.

తిరిగి వచ్చాక

చికిత్స ముగిసిన రోజున విదేశీ ఆసుపత్రి నుంచి పూర్తి సారాంశం తీసుకోవాలి. ఇచ్చిన మందుల మొత్తం మోతాదులు, రేడియేషన్ వివరాలు, జరిగిన సమస్యలు, రాబోయే పరీక్షల తేదీలు అందులో ఉండాలి. కొన్ని మందులు గుండె మీద, కొన్ని వినికిడి మీద, ఎదుగుదల మీద ఏళ్ల తరువాత ప్రభావం చూపుతాయి. ఆ కాగితం లేకుండా ఇక్కడి వైద్యుడు దేనికోసం చూడాలో నిర్ణయించడం కష్టం. కీమోథెరపీ సాగుతున్న బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే అది అత్యవసర పరిస్థితి, తెల్లవారేదాకా ఆగకూడదు.

కొందరు పిల్లల విషయంలో ఏ దేశపు చికిత్సా వ్యాధిని ఆపలేదు. ఆ దశలో మరో దేశానికి ప్రయాణం కంటే, నొప్పి లేకుండా, తన భాష వినిపించే చోట, అమ్మమ్మ తాతయ్యల మధ్య ఉండటమే బిడ్డకు కావలసింది కావచ్చు. హైదరాబాదు ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో పిల్లల కోసం ప్రత్యేక ఉపశమన వైద్య సేవలు ఉన్నాయి. వెళ్లాలన్న నిర్ణయానికి ఎంత ఆలోచన కావాలో, వెళ్లకూడదన్న నిర్ణయానికీ అంతే కావాలి. అన్ని వివరాలూ తెలుసుకుని, వైద్యునితో మాట్లాడి తీసుకున్న నిర్ణయం ఏదైనప్పటికీ, ఆ తల్లిదండ్రులు బిడ్డకు చేయవలసింది చేసినవారే.